వెనకగదికి తీగ

మా ఇంట్లో కంప్యూటర్లు రెండు, ఇంటర్నెట్టు పెట్టె ఒకటి. ఆ పెట్టె ముందుగదిలో నా కొడుకు బల్ల పక్కన ఉంటుంది. కోడలి కంప్యూటరు వెనకగదిలో ఉంటుంది. మధ్యలో మూరెడు మందాన గోడ. ఏనుగు గుద్దినా కదలకూడదని మా ఆయన పట్టుబట్టి కట్టించాడు. ఏనుగైతే ఇంతవరకూ రాలేదు గాని, ఇంటర్నెట్టు మాత్రం ఆ గోడ దాటలేకపోయింది.

మర్నాడు పదకొండింటికి కోడలు కంప్యూటర్లోంచి ఒక బడి పిల్లలకు లెక్కల పాఠం చెప్పి చూపించాలి. మధ్యలో తెగిపోతే ఉద్యోగం లేదని ఆ బడి పెద్దావిడ ముందే చెప్పేసింది. పదకొండేళ్ల తర్వాత మళ్లీ పాఠం చెప్పబోతోంది కోడలు.

"కంపెనీకి ఫోన్ చేశాను. నాలుగు రోజుల్లో మనిషిని పంపుతారట," అన్నాడు కొడుకు.

"ఆలోపు నా ఉద్యోగం ఎవరో ఎగరేసుకుపోతారు. తీగ నేనే లాగుతాను," అంది కోడలు.

"నువ్వా?"

"ఏం, లాగేది ఆడో మగో తీగకి తెలుస్తుందా?"

గోడకు కన్నం ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. "కొత్తగా పెట్టక్కర్లేదే, పాతదే ఉంది," అన్నాను. టెలిఫోను పెట్టిన కొత్తలో మా ఆయన వెనకగదికీ ఒక తీగ వేయించాడు. ఆ కన్నం బీరువా వెనక, నేలకు జానెడు ఎత్తున ఉంది. తర్వాత దాన్ని పొట్టి మేస్త్రీ పూడ్చాడు. ఆవేళ దగ్గుతో నీరసపడి సిమెంటు పలచగా కలిపాడు.

"దగ్గు కూడా గుర్తుందా అత్తయ్యా?"

"వేన్నీళ్లు కాచి ఇచ్చింది నేనేగా!"

బీరువా జరిపి స్క్రూడ్రైవరుతో పొడిస్తే సిమెంటు పెళ్లలు పెళ్లలుగా రాలింది. పాత గొడుగు కమ్మికి తీగ కట్టి ఇవతలికి లాగాం. తీగ లోపల ఎనిమిది సన్నని పోగులు, ఒక్కోటి ఒక్కో రంగు. వరస తప్పితే పనిచేయదట. కోడలు ఫోన్లో చూసి ఒక్కసారి చదివింది. ఆ తర్వాత ఆమె చేతులు పనిలో ఉంటే నేనే అప్పజెప్పాను: తెలుపూ నారింజ, నారింజ, తెలుపూ ఆకుపచ్చ, నీలం, తెలుపూ నీలం, ఆకుపచ్చ, తెలుపూ గోధుమ, గోధుమ. ఎదురింటి ఎలక్ట్రీషియన్ ఇచ్చిన పట్టకారుతో చివరలు బిగించి, ఒకటి ముందుగది పెట్టెకు, ఇంకోటి వెనకగదిలో తీగను పంచే నాలుగు కన్నాల చిన్న పెట్టెకు తగిలించింది. అందులోంచి కంప్యూటరుకొకటి, ప్రింటరుకొకటి. తెర మీద బొమ్మలు చకచకా కదిలాయి.

పొద్దున్న పదింటికి మళ్లీ చూద్దామనుకున్నాం. కొడుకు వెనకగదికి వచ్చాడు, వాడి వెనకే నేను. అంతే, తెగింది. వాడు ముందుగదికి పరుగెత్తాడు, వెనకే నేనూ వెళ్లాను. "ఇక్కడ లైట్లన్నీ వెలుగుతున్నాయే!" అని అరిచాడు. కాసేపటికి వచ్చింది. చూద్దామని అందరం చేరగానే మళ్లీ పోయింది.

"చెప్పానా? తెలిసినవాళ్లు చేసే పని వేరు," అన్నాడు.

కోడలు బిగించినదంతా విప్పడానికి కూర్చుంది. పది నలభై అయింది.

అప్పుడు తట్టింది నాకు. మా ఇంట్లో గదిలోంచి ఆఖరున వచ్చేవాళ్లు గోడ స్విచ్చు కట్టేయాలి, లోపలికి వెళ్లేవాళ్లు వేసుకోవాలి. ఇది మా ఆయన పెట్టిన కట్టుబాటు. చేతులే ఆ పని చేసేస్తాయి, బుర్రకు చెప్పవు. ముందుగది స్విచ్చు కట్టేస్తే ఇంటర్నెట్టు పెట్టె కూడా ఆరిపోతుంది. ఇంటర్నెట్టు కొడుకొక్కడే వాడుకున్నన్నాళ్లూ ఎవరికీ అడ్డు రాలేదు.

"విప్పకే తల్లీ! నీ పనిలో తప్పు లేదు. నేను కట్టేస్తున్నాను, వీడు పోయి వేస్తున్నాడు."

కొడుకు నాలుక కరుచుకున్నాడు. కోడలు పకపకా నవ్వింది. "ఈ గంటసేపూ మీరిద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఇక్కడే కూర్చోండి!"

తలుపు పక్కనే బుద్ధిగా కూర్చున్నాం. పాఠం ఒక్క క్షణం ఆగలేదు. భిన్నాలట, రొట్టెను కోసినట్టు కోసి చెప్పింది.

"సోమవారం నుంచి పొద్దున్నే ఆరింటికి రాగలరా?" అనడిగింది పెద్దావిడ.

"ఆరింటికి కుదరదండి. పదింటికి మొదలుపెడతాను. మధ్యాహ్నం గంటసేపు విరామం కావాలి."

వద్దు వద్దంటూ కొడుకు గాల్లో చేతులూపాడు. అవతలినుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ స్విచ్చు కట్టేసి వచ్చానేమోనని వాడు అనుమానంగా నావైపు చూశాడు.

"సరేనండి, పదింటికే," అంది పెద్దావిడ.