పంటి కింద పగ

అంకయ్య కర్ర దెబ్బకు చూడి గొర్రె వెనక కాలు పుటుక్కున విరిగింది. అన్నదమ్ములిద్దరికీ పొత్తులో ఉన్న బావి తొట్టిలో మూతి పెట్టడమే అది చేసిన తప్పు. దాన్ని మేపే తమ్ముడు గంగప్ప, మచ్చుకత్తి పట్టుకొని అడుగు దూరంలో నిలబడ్డాడు. అన్న మెడ మీద నరం కొట్టుకోవడం కూడా కనబడుతోంది. కత్తి లేవలేదు. నోట్లో మాత్రం ఏదో పటుక్కుమంది. ఉమ్మితే నెత్తురులో దవడపన్ను ముక్క వచ్చి పడింది.

"సూడండప్పా! ఈడు పండ్లు కొరుక్కునేది తప్ప ఇంగేం సేస్తాడు?" అని అంకయ్య నీళ్లకొచ్చినవాళ్ల వైపు చూసి నవ్వాడు.

మూడేండ్ల కింద, తొంభై తొమ్మిదిలో, ఈ బావి దగ్గరే ఇద్దరూ తలలు పగలగొట్టుకున్నారు. అంకయ్యకు పదకొండు కుట్లు పడ్డాయి. అప్పుడు తల్లి మునిలక్ష్మమ్మ గంగప్ప చేత కర్పూరం ఆర్పించి, అన్న మీద చెయ్యెత్తనని ప్రమాణం చేయించింది. ఆనాటి నుంచి అతను అన్నతో మాటే మానేశాడు. ఎదురుపడితే దవడ బిగించేవాడు. నిద్రలో అతను పండ్లు నూరే చప్పుడుకు భార్య అక్కమ్మ ఉలిక్కిపడి లేచేది. తెల్లారితే కణతలు పగిలేంత నొప్పి, చెవిలో పోటు.

కడుపులో పురుగులుంటేనే నిద్రలో పండ్లు కొరుకుతారని ఊరంతా అంది. గొర్రెలకు పట్టే పురుగుల మందు ఇంట్లోనే ఉంది. మందకు పనిచేసేది తనకు పనిచేయదా అనుకొని గంగప్ప ఒక పొట్టేలు కొలతకు గటగటా తాగేశాడు. రెండు రోజులు వాంతులూ భేదులూ. గోడ పట్టుకొని పాకాడు. పురుగు ఒక్కటీ పడలేదు.

ఇప్పుడు మదనపల్లెకు పోయి విరిగిన పన్ను పీకించుకున్నాడు. అయినా నొప్పి పోలేదు. చివరికి అక్కమ్మ అతన్ని తన పుట్టినూరు కుప్పానికి తీసుకుపోయింది. అక్కడి పండ్ల డాక్టరమ్మ కల్పన, దవడ మూల కండ మీద బొటనవేలితో నొక్కింది. గంగప్ప కేక పెట్టాడు.

"పురుగులూ కాదు, పన్నూ కాదప్పా. ఈ కండ బిగుసుకోని రాయి మాదిరి అయిపోయుండాది. పండ్లు అరిగి సదునైనాయి. తినేటప్పుడు తప్ప పైపండ్లు కిందిపండ్లకు తగలగూడదు. పెదాలు మూసుకో, లోపల పండ్లు ఎడంగా పెట్టు. దవడకు వేడిగుడ్డతో కాపడం పెట్టుకో. నిద్రకు పండ్ల మీద పెట్టుకునే తొడుగు సేసిస్తా."

"ఎద్దుకు మాదిరి నాకూ సిక్కమేస్తావామ్మా?"

"తొడుగు పండ్లను కాపాడతాది. నీ కోపాన్ని కాదు. ఎవరి మీదప్పా ఇంత పట్టు?"

అక్కమ్మే అంతా చెప్పింది.

"ఆయప్పను నోటితో యాల అడగవు?" అంది డాక్టరమ్మ.

"కర్పూరం ఆర్పినానమ్మా. చెయ్యెత్తనని."

"నోరెత్తనని కూడా ఆర్పినావా?"

తొడుగు చేయించుకొని గంగప్ప ఊరికి తిరుగు బస్సెక్కాడు.

నెల తిరిగేసరికి కణతల నొప్పి సగానికి తగ్గింది. ఒకరోజు పొద్దున మందను నేరుగా బావికి తోలాడు. అంకయ్య కర్ర పట్టుకొని అడ్డం వచ్చాడు.

"ఏంరా, పండ్లకు సెప్పులు తొడిగించుకున్నావంట?"

దవడ బిగుసుకోబోయింది. గంగప్ప పండ్లు ఎడం చేశాడు. మూడేండ్ల మాట బయటికి వచ్చింది.

"ఈ బావి నాయన తవ్వించింది. ఇందులో నాకు సగముండాది. నువ్వు కొట్టిన దెబ్బకు గొర్రె కడుపులో పిల్ల కూడా సచ్చిపోయింది. ఇంటాండావా?"

నీళ్లకొచ్చిన జనం చుట్టూ మూగారు. అంకయ్య కర్ర తిప్పి దవడ మీద కొట్టాడు. పెదవి చీలి నెత్తురు చొక్కా మీదికి కారింది. గంగప్ప చెయ్యి మొలలో మచ్చుకత్తి మీదికి పోయింది. అక్కమ్మ అరిచింది. అంకయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

గంగప్ప కత్తి లాగి బావిలోకి విసిరేశాడు. అంకయ్య మళ్లీ కర్ర ఎత్తేలోగా నలుగురు అతన్ని ఒడిసిపట్టుకున్నారు. గంగప్ప నెత్తురు ఉమ్మి, మూతి తుడుచుకోకుండానే అన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంగా అయిపోలేదన్నా. నిలబడి ఇను."