మార్కెట్ వీధి కింద ఏముంది

మార్కెట్ వీధిని ఆ ఏడాది అప్పటికే మూడుసార్లు తవ్వారు. నాలుగోసారి తవ్వుతామంటూ మరో ఇంటర్నెట్ కంపెనీ దరఖాస్తు పెట్టేసరికి మునిసిపల్ కమిషనర్ ఆ కాగితం పక్కన పడేసింది.

"ఇక ఒక్కసారే తవ్వుదాం. మనమే పెద్ద గొట్టం వేద్దాం. ఎవరి కేబులైనా అందులోంచే పోవాలి" అంది.

మాట బాగానే ఉంది. కానీ ఆ రోడ్డు కింద ఇప్పటికే ఏమేం ఉన్నాయో చెప్పే మ్యాప్ ఆఫీసులో లేదు. అది గీసే పని ప్లానింగ్ సెక్షన్లో ఉన్న అమ్మాయి మీద పడింది. ఆమెకి వెంటనే తన మేనమామ గుర్తొచ్చాడు. ముప్ఫయ్యారేళ్లు టెలిఫోన్ కేబుళ్లు అతికి రిటైరైన మనిషి.

"మ్యాపెందుకే? ఆ వీధి నాకు కొట్టిన పిండి" అన్నాడాయన, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

నాలుగు రోజులు పొద్దున్నే ఇద్దరూ వీధంతా తిరిగారు. ఆయన గొడుగు కొసతో నేలను పొడిచి చూపించేవాడు. ఆమె టేపు పెట్టి కొలిచి రాసుకునేది.

"మందులషాపు ముందు కేబుల్ వంపు తిరుగుతుంది. కింద బండ అడ్డమొచ్చింది. దాని మూలాన మేస్త్రీకీ నాకూ రెండ్రోజులు మాటల్లేవు."

అయిదో రోజు ఆయన చెప్పింది నిజమో కాదో చూడటానికి మూడు చోట్ల గుంటలు తీయించారు. రెండింట్లో కేబుల్ చెప్పిన చోటే బయటపడింది. మామయ్య మీసం దువ్వుకున్నాడు. మూడోది బేకరీ ముందు. అయిదడుగులు తవ్వినా మట్టే. కాస్త ఎడమకి తవ్వినా మట్టే. ఆయన ముఖం చిన్నబోయింది. వెళ్లి బేకరీ మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇక్కడే కూర్చుని అతికానే. వానొస్తే మా వాళ్లు గొడుగు కూడా పట్టారు."

ఆమె పక్కనే కూర్చుంది. "నీ మాట మీద గీత గీసేస్తే, రేపు మెషిన్ తగిలి కేబుల్ తెగితే, వీధి చివర ఆసుపత్రి ఫోన్లు మూగబోతాయి మామయ్యా."

"అయితే నాకు మతి పోయిందని రాస్తావా?"

"తెలియదని రాస్తాను. అక్కడ మెషిన్ పెట్టకుండా పారతోనే తవ్వమంటాను."

ఆయన మెట్టు మీంచి లేచి ఇంటికెళ్లిపోయాడు. ఆ రోజంతా ఆమెకి పని మీద మనసు నిలవలేదు.

మర్నాడు ఆఫీసు తెరవగానే ఆయనే వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని మ్యాప్ మీదికి వంగాడు.

"లైబ్రరీ ముందు కూడా ఖాయంగా తెలియదని చుక్కల గీతే పెట్టు. మొన్న గొప్పకి పోయి ఖాయమన్నాను. ఈ మూల కూడా."

మొత్తం మూడు చోట్ల గీతలు మార్పించాడు. "నా పరువు పోతే పోయింది, కేబుల్ తెగకూడదు" అన్నాడు.

కౌన్సిల్ ఆ మ్యాప్‌ని ఆమోదించింది. బేకరీ ముందు పారలతో తవ్వుతుంటే ఏడడుగుల అవతల కేబుల్ కనబడింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎవరో జరిపినట్టున్నారు. మామయ్య గుంటలోకి దిగి, అతుకు మీది మట్టి తుడిచి చూశాడు.

"ఇది నా చేతి పని కాదు. ఇంత వంకరగా నేను జన్మలో అతకలేదు" అన్నాడు, ఎంతో ఊరటగా.

ఆమె నవ్వాపుకుంటూ, టేపు రెండో కొస పట్టుకోమని ఆయన చేతికిచ్చింది.