కొళాయి గొట్టానికి కాపడం

కొళాయి తిప్పితే చుక్క రాలేదు. జ్ఞానేశ్వరి అటు తిప్పింది, ఇటు తిప్పింది, సింకు కింద తలుపు తీసి గొట్టం మీద చెయ్యేసింది. ఐసుపుల్లని పట్టుకున్నట్టే ఉంది. చంకలో ఆశ్రిత పాలసీసా కోసం అప్పటికే గునుస్తోంది. కెటిల్‌లో అడుగున ఉన్న నీళ్ళు ఒక్క సీసాకి వస్తాయి. ఆ తర్వాత?

వాళ్ళుండేది క్యారవాన్‌లో. ఉద్యోగం కోసం వచ్చిన పరాయి దేశంలో, లిమరిక్ అనే ఊరి బయట, నోరా అనే పెద్దావిడ పెరట్లో నిలిపిన చక్రాల ఇల్లు. కళాధర్‌కి మెడికల్ డివైసుల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగమైతే దొరికింది గానీ, అద్దె ఇల్లు దొరకలేదు. ఏ ఇల్లు చూడబోయినా రేషను షాపు ముందున్నట్టు జనం. చంటిపిల్లతో వాళ్ళ గదిలో వీళ్ళ గదిలో తలదాచుకుని, చివరికి ఇది దొరికితే గట్టిగా పట్టుకున్నారు. ఇంతకుముందున్నవాళ్ళు ఏదో పాడుచేస్తే నోరా ఖాళీ చేయించిందని ఎవరో చెవిన వేశారు. అప్పట్నుంచీ జ్ఞానేశ్వరి తలుపు కూడా మెల్లిగానే వేస్తుంది.

కళాధర్‌కి ఫోన్ చేసింది.

"రాత్రి నేను సన్నగా వదిలిన కొళాయి నువ్వు కట్టేశావా?" అన్నాడతను, మొత్తం వినకుండానే.

"కారుతుంటే కట్టెయ్యరా?"

"కారనివ్వాలి. కదిలే నీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవని నోరా చెప్పింది. నీకూ చెప్పాను."

"మీరు చెప్పింది నాకా, చేతిలో ఉన్న ఫోనుకా?"

రాత్రి పిల్లకి పాలు కలపడానికి లేచినప్పుడు చూసింది, దారంలా కారుతున్న కొళాయిని. కళ్ళు మూతలు పడుతున్నా సరే, బిగించి గానీ పడుకోలేదు. కొళాయి కారే ఇంట్లో లక్ష్మి నిలవదని వాళ్ళమ్మ రోజుకోసారైనా అనేది. పదో తరగతిలో బడి మానిపించాక ఆమె చదువంతా అమ్మ మాటలే.

"పేరు జ్ఞానేశ్వరి, చేసేవి ఇలాంటివి," అన్నాడు కళాధర్. అని, గొంతు తగ్గించాడు. "వేడినీళ్ళు మాత్రం పొయ్యకు, పైపు పగుల్తుంది. కొళాయి తెరిచిపెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లిగా వేడి తగలనివ్వు."

"మనింట్లో హెయిర్ డ్రయ్యర్ ఎక్కడుంది?"

"లేదూ?"

"పెళ్ళయినప్పట్నుంచీ తువ్వాలుతోనే ఆరబెట్టుకుంటున్నాను. ఇవాళ కనిపించిందా?"

"సాయంత్రం వచ్చి చూస్తా," అన్నాడతను. " నోరాకి మాత్రం చెప్పకు. పైపు పోయిందని తెలిస్తే మళ్ళీ ఇల్లు వెతుక్కోవాలి."

ఫోన్ పెట్టేసి, కెటిల్‌లో ఉన్న నీళ్ళతో పిల్లకి పాలు కలిపి పట్టింది. సాయంత్రం దాకా పిల్ల ఆగుతుందా? అసలు గొట్టం ఆగుతుందా?

ఆశ్రితకి జలుబు చేస్తే కాపడం పెట్టడానికి తెచ్చుకున్న కల్లుప్పు అలమరలో ఉంది. మూకుట్లో పోసి చిటపటలాడేదాకా వేయించింది. పాతచీర ముక్కల్లో మూటలు కట్టి, చెంపకి ఆనించి చూసుకుంది, పిల్లకి పెట్టేముందు చూసుకున్నట్టే. కొళాయి తెరిచిపెట్టి, ఒక మూట సింకు కింద గొట్టానికి చుట్టింది. పిల్లని శాలువాతో ఒంటికి కట్టుకుని, రెండో మూట పట్టుకుని బయటికి దిగింది. మెట్టు మీద మంచు అద్దంలా మెరుస్తోంది. క్యారవాన్ కింద, నేల మీంచి గొట్టం పైకెక్కే చోట మూట పెట్టి అదిమి పట్టుకుంది. చల్లారితే లోపలికి, వేయించుకుని మళ్ళీ బయటికి. ఉప్పు వేగీ వేగీ నల్లబడింది. ఆశ్రిత ఇదేదో ఆటనుకుని నవ్వడం మొదలుపెట్టింది.

లోపల కొళాయి దగ్గింది. ఒక ఉమ్ము ఉమ్మింది. ఆ తర్వాత ధార.

జ్ఞానేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. గిన్నెలన్నీ నింపేసుకుందామని పరుగున లోపలికెళ్ళింది. సగం గిన్నె నిండిందో లేదో, కాళ్ళ కింద బుస్సుమని చప్పుడు. బయటికొచ్చి వంగి చూస్తే, గొట్టం అతుకు దగ్గర నీళ్ళు చిమ్ముతూ నేలచెక్కల్ని తడిపేస్తున్నాయి. సరిగ్గా పిల్ల పడుకునే చోటు కిందే. గుడ్డ కుక్కింది. ఆగలేదు. చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళు కొయ్యబారాయి తప్ప నీళ్ళు ఆగలేదు.

చెప్పకు అన్నాడాయన. ఆ చెక్కలు నానిపోతే చెప్పకుండానే తెలుస్తుంది.

వెళ్ళి నోరా తలుపు కొట్టింది. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "ఆంటీ, నేనే ట్యాప్ కట్టేశాను. పైపు పోయింది. నీళ్ళు పోతున్నాయి. మమ్మల్ని పంపెయ్యొద్దు," అంది ఒక్క గుక్కలో.

నోరా రబ్బరు బూట్లు తొడుక్కుని, పెరటిగోడ దగ్గరికెళ్ళి వాల్వు కట్టేసింది. చిమ్మడం ఆగింది. అప్పుడు నేల మీదున్న మూటని బూటుతో కదిలించి, "ఇదేంటి?" అంది.

"ఉప్పు. వేడి ఉప్పు. బేబీకి జలుబు చేస్తే ఇలా పెడతాం."

"పైపు ముక్కు కూడా కారుతోంది మరి," అంది నోరా. నవ్వాలో వద్దో జ్ఞానేశ్వరికి తెలియలేదు. "ట్యాప్ ఎందుకు కట్టేశావు?"

"నీళ్ళు వృథాగా పోతే ఇంట్లోంచి లక్ష్మి వెళ్ళిపోతుంది. మా దేవత."

"మంచు పడే రాత్రుల్లో కాస్త చూసీ చూడనట్టు ఉండమను ఆవిడని." నోరా మోకాళ్ళు పట్టుకుని వంగబోయి, వంగలేక లేచింది. "పైపు పగల్లేదు. అతుకు లూజయింది, అంతే. మా ఆయన బతికున్నప్పుడూ ఇది ఇలాగే లూజయ్యేది. పిల్లని నాకివ్వు. స్పానర్ తెస్తాను, కిందికి నువ్వు దూరు."

జ్ఞానేశ్వరి చుడీదార్ మోకాళ్ళు బురదలో తడిసిపోతుండగా క్యారవాన్ కిందికి పాకింది. పైనుంచి నోరా చెబుతూనే ఉంది, కుడివైపుకి, ఇంకొంచెం, బలం మొత్తం చూపించకు, విరుగుతుంది. నోరా వెళ్ళి వాల్వు మళ్ళీ తెరిచాక కూడా అతుకు పొడిగానే ఉంది. జ్ఞానేశ్వరి వేలితో తడిమి చూసింది, నమ్మకం లేక మళ్ళీ తడిమింది.

"ఎలా ఉంది?"

"గ్రాండ్," అంది జ్ఞానేశ్వరి, అంతా బాగుందనడానికి ఇక్కడివాళ్ళు అన్నట్టే.

"గొట్టం మీదున్న ఆ పలచటి తొడుగు ఈ చలికి చాలదు," అంది నోరా, ఆశ్రితని భుజమ్మీద ఊపుతూ. "వచ్చే చలికాలానికి ముందే గుర్తుచెయ్యి. మందపాటిది తెచ్చి కింద మొత్తం చుట్టిద్దాం."

వచ్చే చలికాలానికి. జ్ఞానేశ్వరి ఆ మాట మళ్ళీ అడగలేదు, అడిగితే మారుతుందేమోనని. "సరే ఆంటీ, గుర్తుచేస్తాను," అంటూ పిల్లని అందుకోడానికి బయటికి పాకింది.