గుయ్‌మనే డబ్బా

నిరుడు పక్కగల్లీ డీజే మోతలో మా గల్లీ ముత్యమ్మ పాట ఎవరికీ వినపడలేదు. డెబ్బై దాటిన మనిషి బతుకమ్మ చుట్టూ తిరుగుతూ నోరు కదుపుతుంటే, వెనక ఆడవాళ్లు అందుకోలేక చప్పట్లు మాత్రం కొట్టారు. "ఇగ వచ్చేయేడు నేను పాడ" అందామె. అందుకే ఈసారి చిన్న మైకుసెట్టు తయారుచేస్తానని గల్లీకి మాటిచ్చాను.

ఆంప్లిఫయర్ బోర్డు, స్పీకరు కుదిరాయి. వాటికి పన్నెండు వోల్టులు ఇచ్చేదొకటి కావాలి. పటాన్‌చెరులో యాదన్న పాతసామాన్ల దుకాణానికి వెళ్లాను. ఫ్యాక్టరీల్లో తీసేసినవన్నీ అక్కడికే చేరతాయి. అరచేతిలో పట్టే అడాప్టరు ఒకటి ఏరుకున్నాను.

"అది ఒద్దు సార్" అంటూ యాదన్న అదే పన్నెండు వోల్టులిచ్చే ఇటుకంత పాత ఇనుప డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "గిది లేపి సూడు. బరువే లేనిదాంట్ల కరెంటు ఏడికెల్లొస్తది?"

కాజీపల్లి ల్యాబులో ఉద్యోగమంతా మిల్లీగ్రాములు తూచిన నేను కిలోల లెక్కకు లొంగిపోయాను.

ఇంట్లో కలిపి చూస్తే సెట్టు పలికింది, కానీ అడుగున గుయ్‌మని ఒకటే రొద. డబ్బాలో ఆ రొదను అణచాల్సిన కెపాసిటర్లు పాతబడిపోయాయి. పక్కింటి అరుణమ్మ ముత్యమ్మను వెంటబెట్టుకొచ్చింది. ముత్యమ్మ కళ్లు మూసుకుని ఆ రొదలోనే పాటంతా పాడింది.

"తుమ్మెదను పట్టి డబ్బాల పెట్టినవా సారూ?" అంది అరుణమ్మ.

నాకు సిగ్గేసింది. ఆ చిన్న అడాప్టరు కొనుంటే ఈ రొదే ఉండేది కాదు. పండుగ సాయంత్రం ఆ డబ్బా పక్కన పెట్టి, నా స్కూటరు బ్యాటరీ విప్పి తగిలించాను. రొద పూర్తిగా పోయింది. ముత్యమ్మ పాటను ఎక్కడో పై శ్రుతిలో ఎత్తుకుంది. రెండో చరణానికే గొంతు జీరపోయింది. ఆ జీర కూడా గల్లీ చివరిదాకా చక్కగా వినపడింది.

"నాతోని కాదు బిడ్డా" అని ఆమె మైకు నా చేతికిచ్చి నాలుగడుగులు వేసి, మళ్లీ తిరిగింది. "మొన్న గుయ్‌మన్నది ఏది? దాన్ని వట్టుకొనే గద పాడిన."

"అది చెడిపోయిందమ్మా."

"చెడిపోతేంది? నీ విమల నా పక్కన నిలవడి గట్లనే ‘ఊఁ’ అని అందిచ్చేది. ఆమె పోయినకాన్నుంచి యాడ ఎత్తుకోవాల్నో తెల్వక పరేషానైతున్న."

నా భార్య విమలకు పాట రాదని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం, ఆమెతో సహా.

బ్యాటరీ తీసి ఇనుప డబ్బా తగిలించాను. గుయ్‌మంది. ముత్యమ్మ తల కాస్త వాల్చి, ఆ రొద పక్కనే గొంతు ఆనించింది. పాట కిందినుంచి నిలకడగా లేచింది. ఆడవాళ్లు అందుకున్నారు. పక్కగల్లీ డీజే మోగుతూనే ఉంది గానీ, మావాళ్లెవరూ అటు తిరిగి చూడలేదు.

ఇల్లాలితో బతుకమ్మకు వచ్చిన యాదన్న నా పక్కకు చేరి, వెచ్చగా ఉన్న డబ్బా మీద చెయ్యేశాడు.

"చెప్పిన గద సార్. అడాప్టరైతే గిట్ల పాడుతుండెనా?"

"లేదు యాదన్నా" అన్నాను. నిజమే చెప్పాను.