సొట్ట కిటికీ వైపు

ఎర్రగుడ్డకి ఏడు మడతలు. ఆరో మడత దగ్గర గుండుసూదిని కాస్త లోతుగా గుచ్చాలి, లేకపోతే మధ్యాహ్నానికల్లా జారిపోతుంది. సుద్దమ్మ మిగిలిన రెండు గుండుసూదుల్ని పెదాల మధ్య పట్టుకుని, బల్ల మీదికి వంగి, ఆ మడతని బొటనవేలితో నొక్కుతోంది. వంగినప్పుడు నడుము కలుక్కుమంది. కలుక్కుమనడం దాని పని, వంగడం తన పని అన్నట్టు ఆమె పట్టించుకోలేదు.

గుడ్డ వెనకగోడ మీంచి జారి బల్లలో సగందాకా వస్తుంది. మిగతా సగం ఉత్త చెక్క. పిల్లలు చూసి గీయడానికి సామాను పెట్టే స్టిల్ లైఫ్ బల్ల అది. దాని మీద సుద్దతో గీసిన గుండ్రాలున్నాయి, ఒక్కో వస్తువుకి ఒక్కోటి. మూతి విరిగిన పచ్చసీసా ఒకదాంట్లో, చెక్కతో చేసిన రెండు యాపిల్ పళ్లు మరో రెండింట్లో, అన్నిటికన్నా పెద్ద గుండ్రంలో పాత సత్తు కెటిల్. రోజూ సాయంత్రం వేరే క్లాసువాళ్లు వచ్చి ఇదే బల్ల మీద వాళ్ల సామాను పెట్టుకుంటారు. అందుకని రోజూ తీయాలి, రోజూ పొద్దున్నే వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ పెట్టాలి. ఒక్క బొమ్మని మూడు వారాలపాటు గీసే పిల్లలకి సీసా వేలెడు జరిగినా లోకం తలకిందులైనట్టే. ఇరవై ఎనిమిదేళ్లుగా సుద్దముక్క పట్టుకుని పట్టుకుని ఆమె వేళ్లు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. హాజరుపట్టీలో ఉన్న పేరు ఆ పట్టీకే తెలుసు. ఆర్ట్ కాలేజీ మొత్తానికి ఆమె సుద్దమ్మ.

చేరిన మొదటి వారంలో ఒక ఘనకార్యం చేసింది. ఈ ఎర్రగుడ్డ దుమ్ము కొట్టుకుపోయి ఉంటే చూడలేక, ఇంటికి తీసుకెళ్లి సబ్బుపెట్టి ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చింది. అందరూ మెచ్చుకుంటారని ఎదురుచూసింది. పద్దెనిమిది మంది పిల్లలు పదిహేను రోజులుగా గీస్తున్న మడతలన్నీ ఆ ఇస్త్రీపెట్టె కింద మాయమయ్యాయి. ఇద్దరు ఆడపిల్లలు ఏడ్చారు కూడా. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చింది. ఆ తర్వాత ఈ బల్ల మీద దేన్నీ ఆమె శుభ్రం చేయలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడింది.

ఈ రోజుతో ఆ కాపలా ఆఖరు. రేపట్నించి ఈ గదికి కొత్తమనిషి వస్తుంది.

కుర్చీ వెనక కొక్కేనికి ఖాళీ సంచి వేలాడుతోంది. పొద్దున బయల్దేరుతుంటే మంచం మీంచి అక్క గుర్తుచేసింది. మోకాళ్లు పట్టేసి అక్క ఇల్లు దాటి రెండేళ్లయింది. కాళ్లు పనిచేయకపోయినా నోటికి ఏ లోటూ రాలేదు.

"సంచి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానే."

"పాతికేళ్ల నుంచీ వింటున్నా, రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అని. అమ్మదంటూ మిగిలింది ఆ కెటిల్ ఒక్కటే. ఎక్కడో అమ్ముకు తిన్నావు, ఒప్పుకోవు."

"అమ్మితే ఎవరు కొంటారే దాన్ని, సొట్టతో సహా?"

"అయితే తే. ఇవాళ తే. ఒక్కసారి దాంట్లో టీ కాచుకు తాగితే నా కోరిక తీరుతుంది."

తేవాలంటే అడగాలి, అడగాలంటే ఉన్నది చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కంతా.

కాలేజీకి మొదట్లో ఒక సొంత కెటిల్ ఉండేది, అచ్చం ఇలాంటిదే. రెండో ఏడు ఒక పొద్దున సుద్దమ్మ చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయి, కిందికి చేరేసరికి మూతీ ముక్కూ ఏకమైపోయాయి. పిల్లల బొమ్మలు సగంలో ఉన్నాయి. ఉతికిన గుడ్డ సంగతి ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో, అరగంటలో ఇంటికి పరిగెత్తి, అటక మీదున్న అమ్మ కెటిల్ తెచ్చి గుండ్రంలో పెట్టేసింది. అప్పటి పెద్దమాస్టారు లోపలికొచ్చి, తల పక్కకి వంచి చాలాసేపు చూశారు.

"నిన్న దీనికి సొట్ట లేదు కదమ్మా" అన్నారు.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆయన ఇంకాస్త చూసి, "సొట్టతోనే బాగుంది. ఉండనీ" అని వెళ్లిపోయారు. తర్వాత ఎవరో దాని అడుగున ఎర్రరంగుతో కాలేజీ నంబరు వేశారు. మాస్టారు పోయి పదిహేనేళ్లు. ఆ కెటిల్ ఎవరిదో తెలిసినవాళ్లు అక్కాచెల్లెళ్లు తప్ప భూమ్మీద ఇంకెవరూ లేరు.

ఆ సొట్ట సంగతి అక్కకి కూడా పూర్తిగా తెలియదు. సుద్దమ్మని తొమ్మిదేళ్లప్పుడు అమ్మ కెటిల్ ఇచ్చి పాలకి పంపింది. దారిలో సినిమాహాలు ప్రహరీ వెనక ఎవరో ఈలపాట పాడుతున్నారు. గోడ ఎత్తుగా ఉంది. కెటిల్‌ని పక్కకి పడుకోబెట్టి, దాని పొట్ట మీద ఎక్కి, గోడ పట్టుకుని తొంగిచూసింది. ఒకాయన పరంజా మీద కూర్చుని సినిమా బోర్డు మీద తలుపంత కన్ను గీస్తున్నాడు. తెల్లగుడ్డు, నల్లగుడ్డు, రెప్పలు అన్నీ ఉన్నాయి, అయినా అది గోడలాగే ఉంది. ఆయన ఈల ఆపి, సన్నకుంచెతో నల్లగుడ్డులో ఒక తెల్లచుక్క పెట్టాడు. అంతే, కన్ను తిరిగి ఆమె వైపు చూసింది. ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. కాళ్లకింద కెటిల్ లొత్తపడింది కూడా అప్పుడే. ఇంటికెళ్తే అమ్మ వీపు చీరేసింది. ఆ తర్వాత అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ కెటిల్‌ని సొట్ట గోడవైపుకి తిప్పి పెట్టేది, వచ్చినవాళ్ల కంట పడకుండా.

సుద్దమ్మ మాత్రం దాన్ని ఇక్కడికి తెచ్చిన రోజు నుంచీ సొట్టని కిటికీ వైపే పెట్టింది. తొమ్మిదింటికి వెలుతురు వచ్చి ఆ గుంటలో పడితే అడుగున ఒక తెల్లచుక్క మెరుస్తుంది. రోజూ అది మెరిసేదాకా చూసి, అప్పుడు చీపురు అందుకుంటుంది.  అదేమిటని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

పదింటికి పిల్లలు వచ్చారు. ఆఖరేడు పరీక్ష. హాల్లో ఫ్యాన్లు పనిచేయక ఈ గదికే మార్చారు. మూడేళ్లలో కళతో తన అనుభవం ఏమిటో, తనకి ప్రేరణ ఎక్కడ దొరికిందో ఒక్కొక్కరూ రాసుకొచ్చి చదవాలి, తర్వాత తమ బొమ్మ చూపించాలి. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు, కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతూ, ముందు కుర్చీలో కూర్చుంది. సుద్దమ్మ నీళ్లగ్లాసుల పళ్లెంతో గోడవారన స్టూలు మీద కూర్చుని, ప్రిన్సిపాల్‌ని అడగాల్సిన మాట లోపల్లోపల వల్లెవేసుకుంటోంది. 'సార్, ఆ కెటిల్ మాది సార్. అప్పుడు మీదాన్ని నేనే పాడుచేశాను సార్.' ఎన్నిసార్లు అనుకున్నా రెండో ముక్క దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికొస్తోంది.

మొదటి అబ్బాయి తన ప్రేరణ సముద్రం అన్నాడు. జీవితంలో ఒకేసారి, అదీ బస్సు కిటికీలోంచి చూశాడని నిరుడు వాడే సుద్దమ్మతో చెప్పాడు. తర్వాతి అమ్మాయి నాయనమ్మ చెప్పిన కథలంది. బూరెబుగ్గల పిల్లాడొకడు "బాధే నా గురువు" అని మొదలుపెట్టి రెండు పేజీలు చదివాడు. అంతకుముందే వాడు వరండాలో రెండు బిస్కెట్ పొట్లాలు ఖాళీచేయడం ఆమె చూసింది. పాపం, వాడి బాధ వాడిది. ఒకరు ఆకాశం, ఒకరు నిశ్శబ్దం, ఒకరు మానవాళి. పన్నెండుమంది అయ్యేసరికి పరీక్షకురాలు మూడు గ్లాసుల నీళ్లు తాగింది. సుద్దమ్మకి కునుకు ముంచుకొచ్చింది. ఏటేటా ఇదే సముద్రం, ఇదే ఆకాశం. గీసేదేమో ఈ సీసా, ఈ కెటిల్.

ఆఖర్న నత్త లేచింది. ఆ పిల్లకి ఆ పేరు తోటివాళ్లు పెట్టారు. అందరూ మూడు బొమ్మలు వేసేసరికి ఈమెది ఒక్కటి సగమవుతుంది. ఆమె చేతిలో కాగితమేమీ లేదు.

"రాసుకురాలేదా?" అంది పరీక్షకురాలు.

"రాశాను మేడమ్. అబద్ధంలా ఉందని చింపేశాను."

పిల్లలు కిసుక్కుమన్నారు. నత్త ముప్ఫై దాకా కాగితాలు నేలమీద పరిచింది. అన్నీ కెటిలే.

"ఈ సొట్టలో పొద్దున తొమ్మిదింటికి ఒక తెల్లచుక్క కనపడుతుంది మేడమ్. అది వేయడం నాకు రావట్లేదు. తెల్లరంగు పెడితే రంగులా ఉంటుంది, వెలుతురులా ఉండదు. దానికోసమే రోజూ వస్తున్నా. ప్రేరణ అంటే అదో కాదో తెలీదు." ఒక కాగితాన్ని సరిచేసి మళ్లీ అంది. "వానాకాలంలో సుద్దమ్మ నాలుగు రోజులు రాలేదు. అప్పుడు ఎవరో సొట్టని గోడకి తిప్పి పెట్టారు. ఆ నాలుగు రోజులూ నేను ఏమీ గీయలేదు."

సుద్దమ్మ నీళ్లగ్లాసుల పళ్లెం నేలమీద దించింది.  గోడ మీంచి తనొక్కతే చూసిన దాన్ని, యాభై ఏళ్ల తర్వాత పక్కన నిలబడి ఇంకొకరు చూస్తున్నారు. ఆమెకి సంతోషం వేసింది, అలసిపోయిన ఒంట్లో అది ఎక్కడ పట్టాలో తెలియనంత సంతోషం. కళ్లు తుడుచుకుంటే చెంపకి సుద్ద అంటుకుంది.

పరీక్షకురాలు లేచి వచ్చి ఈజిల్ మీది పెద్దబొమ్మని దగ్గరగా చూసింది. అన్నీ పూర్తయ్యాయి, సొట్ట ఉన్నచోట మాత్రం ఉత్త కాగితం.

"పూర్తికాని బొమ్మకి మార్కులు వేయలేనమ్మా. పది రోజులు గడువిస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే తప్పినట్టే."

నత్త తలూపి కాగితాలు ఏరుకుంది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సుద్దమ్మని తన గదిలోకి పిలిచాడు. వయసులో ఆమెకన్నా చిన్నవాడు, మంచివాడే. సంతకాలు పెట్టించుకుని, కవరు చేతికిచ్చి, "ఇన్నేళ్లు చేశారు. మా నుంచి ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి" అన్నాడు.

ఇంతకన్నా మంచి సమయం దొరకదు. పొద్దుట్నించీ వల్లెవేసిన మాట నాలుక చివరికి వచ్చింది. దాని వెనకే మంచం మీద అక్క వచ్చింది, ఈజిల్ మీద ఆ ఖాళీచోటు కూడా వచ్చింది. కెటిల్ ఇవాళ సంచిలో పడితే ఆ పిల్ల పది రోజులూ దేన్ని చూస్తుంది? పోనీ పది రోజులాగి అడుగుదామంటే, గేటు లోపల పాతికేళ్లు పెగలని గొంతు గేటు బయట పెగులుతుందా? తన సంగతి తనకి తెలుసు. ఇప్పుడు అడగకపోతే ఇక అడగదు.

"స్టిల్ లైఫ్ బల్ల సార్" అంది.

"బల్లా?"

"దాని మీద సామాను పది రోజులు ఎవర్నీ ముట్టుకోవద్దని చెప్పండి సార్. సాయంత్రం క్లాసువాళ్లని వేరే బల్ల తీసుకోమనండి."

ఆయన నవ్వాడు. "అంతేనా?"

"అంతే సార్."

స్టూడియోకి తిరిగొచ్చేసరికి నత్త ఒక్కతే ఉంది. సుద్దమ్మ కొక్కేనికున్న సంచి తీసుకుంటుంటే, ఆ పిల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం చాచింది. కెటిల్ బొమ్మ. ఒక పక్క చేయి తగిలి బొగ్గు అలుక్కుపోయింది.

"మంచివన్నీ పరీక్షకి ఇవ్వాలి సుద్దమ్మా. ఇదొక్కటే మిగిలింది."

సుద్దమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. సొట్ట ఉన్నచోటే ఉంది. తన రెండు కాళ్లూ ఆనిన చోటు.

"మా అక్కకి చూపిస్తా" అంది.

"మీ అక్కగారికి బొమ్మలంటే ఇష్టమా?"

"కెటిలంటే ఇష్టం. కాగితంలో టీ ఎలా కాస్తావే అని తిడుతుంది. తిట్టనీ."

కాగితాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. అంత పెద్ద సంచిలో అది అటూ ఇటూ దొర్లింది. తర్వాత జాకెట్లోంచి సుద్దముక్క తీసి బల్ల మీదికి వంగింది. నడుము మళ్లీ కలుక్కుమంది. అన్ని గుండ్రాలూ ఒకసారి దిద్ది, కెటిల్ గుండ్రం పక్కన మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ గీయని గీత ఒకటి గీసింది, కిటికీని చూపిస్తూ ఒక బాణం.

"రేపొచ్చే ఆవిడకి చెప్పు. తెలీక తోమేస్తుందేమో, అసలు తోమొద్దను."

"చెప్తాను."

సుద్దముక్కని బల్ల అంచున పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, మెట్లు ఒక్కోటే దిగి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. సంచిలో ఏముందని ఎవరూ అడగలేదు.

మర్నాడు తొమ్మిదింటికి, నత్త బొగ్గు చేతిలో పట్టుకుని చూస్తూ ఉండగా, కిటికీలోంచి వెలుతురు బల్ల మీదికి పాకి, బాణం దాటి, అడుగున ఎర్రనంబరున్న ఆ పాత సత్తు కెటిల్ సొట్టలోకి దిగి తెల్లచుక్కై నిలిచింది.