కడగని స్లైడ్లు

"ఏమే, ఆ స్లైడ్లన్నీ కడిగేసినావా?" అని పొద్దుటినుంచి సుదర్శనం అడగడం అది మూడోసారి. కడిగినానని కుముదవల్లి రెండుసార్లు అబద్ధం చెప్పింది. మూడోసారి తల ఊపి ఊరుకుంది.

తిరుపతిలో మలేరియా డాక్టరని పేరు ఆయనది. కళ్ళు మాత్రం ఈమెవి. పాత మాత్రల జత, కొత్త మాత్రల జత, రెంటిలో ఏది రోగి రక్తంలోని క్రిముల్ని తొందరగా తుడిచిపెడుతుందో తేల్చడం ఆయన పరిశోధన. అరవై మంది రోగులు, పన్నెండు గంటలకోసారి వేలినుంచి రక్తపు చుక్క. ఆ చుక్కల్ని గాజు స్లైడ్లమీద పూసి, రంగేసి, ఇంట్లో మైక్రోస్కోపు ముందు మెడలు విరిగేలా కూర్చుని క్రిముల్ని లెక్కపెట్టేది బీయస్సీ చదివిన పెళ్ళాం. జీతమా, పాడా! "ఊరికే కూచోనుండేదానికి ఇదన్నా పని ఉండాది కదా" అన్నాడు మహానుభావుడు.

ఊరికేనంట. లెక్క ముగిసిన ప్రతిసారీ అత్తగారు చంద్రకాంతమ్మ పెరట్లో నీళ్ళబిందె పెట్టి కాచుకుని ఉంటుంది. రక్తం ముట్టినావు, తలకు పోసుకోనిదే వంటింటి గడప తొక్కొద్దని ఆమె శాసనం. ధనుర్మాసం చలిలో కూడా రోజుకు రెండుమూడు తలస్నానాలు. ఆ రక్తాన్ని ఇంటికి మోసుకొచ్చిన కొడుక్కి మాత్రం కాళ్ళు కడుక్కుంటే చాలు.

అదంతా భరించింది. కడుపు మండింది గంగులమ్మ విషయంలో. సత్యవేడు కూలిమనిషి, కొత్త జత మింగింది. మూడోరోజు ఆమె రక్తంలో క్రిములు అట్లే ఉండినాయి. ఆమెకే కాదు, మరో పదిమందికి. కుముద అంకెలు రాసిస్తే, కొత్త జతే గెలవాలని సుదర్శనం కొట్టేసి సున్నాలు పెట్టినాడు. క్రిమికీ రంగు మరకకీ తేడా తెలీదు నీకు, పోయి బియ్యంలో రాళ్ళేరుకో అన్నాడు. నయమైందని గంగులమ్మను పంపించేసినారు. పదిరోజులకు జ్వరం తిరగబెట్టి రేణిగుంట స్టేషన్లో పడి ప్రాణం విడిచింది. పరిశోధన పుస్తకంలో ఆమె పేరు పక్కన సున్నా అట్లే ఉంది.

స్లైడ్లు కడిగి మళ్ళీ వాడటం ఆస్పత్రిలో అలవాటు. ఆ ఇంట్లో ఏది కడగాలన్నా ఎవరు కడగాలో చెప్పక్కర్లేదు. ఆ పదకొండు మాత్రం కుముద కడగలేదు. పాత పంచాంగం కాగితాల్లో చుట్టి, నెలలో మూడ్రోజులు తను దూరంగా కూర్చునే మూలన, చాప చుట్టలో దాచింది. తల్లీ కొడుకులిద్దరూ దాని నీడ కూడా తొక్కరు.

మధ్యాహ్నం పరిశోధన చూసిపోవడానికి మద్రాసునుంచి ప్రొఫెసరు ఇంటికి వచ్చినాడు. ఆయన మెచ్చుకుంటే సుదర్శనానికి పెద్ద పదవి. మూడోరోజు స్లైడ్లు చూడాలని ఆయన అడిగితే, స్లైడ్ల కరువు సార్, కడిగేస్తిమి అని సుదర్శనం నవ్వినాడు. కాఫీ తెమ్మని అత్తగారు కేకేసింది.

కుముద కాఫీ తేలేదు. చాప విప్పి, స్లైడ్లు తెచ్చి ప్రొఫెసరు ముందు వరసగా పెట్టింది.

"ఇవి మూడోరోజువి సార్. నంబరూ తేదీ గాజుమీదే గీకినాను. ఈయన పుస్తకంలో పదకొండింటికీ సున్నా ఉంటుంది. మీరే లెక్కపెట్టండి."

సుదర్శనం మొహాన నెత్తురు చుక్క లేదు. ఆ మొహాన్ని ఆమె తనివితీరా చూసుకుంది. ప్రొఫెసరు మొదటి స్లైడు పెట్టి మైక్రోస్కోపు మీదికి వంగినాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

కుముద తలకు పోసుకోకుండానే వంటింటి గడప దాటింది. ఆ చేతుల్తోనే కాఫీ కలిపి, మొదటి లోటా తెచ్చి అత్తగారి చేతికిచ్చింది.