ద్రాక్షారిష్టంలో గోలీసోడా

ఆ యేడు ప్రొద్దుటూరులో ఎండలు చైత్రంలోనే ముదిరాయి. గుడ్డలంగడి వెంకటరమణయ్య భార్య గౌరికి నలభై రోజుల విషజ్వరం విడిచింది గానీ అన్నం మీదికి మనసు రాలేదు. కంచం ముందు పెడితే రెండు మెతుకులు కెలికి చెయ్యి కడిగేసేది. నెల రోజులు ఉండి సాకిన కూతురు పులివెందులలో తన సంసారం తాను చూసుకోవాల్సి వచ్చి బస్సెక్కింది. ఎక్కే ముందు, "నాయనా, అమ్మ తినకపోతే ఈ ఎండాకాలం దాటదు. నీదే భారం" అంది.

వెంకటరమణయ్య తల ఊపాడు. ఆయన ఎప్పుడూ అంతే. అంగడిలో గుడ్డ పరుస్తాడు, కొలుస్తాడు, కోస్తాడు. మాట్లాడేది బేరానికొచ్చినవాళ్ళే.

వైద్యుడు కాశీవిశ్వనాథం ద్రాక్షారిష్టం సీసా ఇచ్చాడు. పూటకు రెండు చెంచాలు నీళ్ళలో కలిపి తాగితే ఆకలి పుడుతుందన్నాడు. గౌరి ఒక గుక్క నోట్లో పోసుకుని, అంట్లు కడిగే జాలాట్లో ఉమ్మేసింది.

"ఏందయ్యా ఇది, గొంతు కోసుకుపోతాంది! నాకొద్దు."

ముప్పై ఏళ్ళ కాపురంలో మంచినీళ్ళు కూడా తనంతట ముంచుకోని మనిషి ఆ సాయంత్రం వంటింట్లోకి దూరాడు. గాజు గ్లాసులో అరిష్టం పోశాడు. రెండు చెంచాలకు పని జరగదేమోనని నాలుగు పోశాడు. దాని ఘాటు చంపడానికి సుగంధి వేళ్ళ నన్నారి పాకం పోశాడు. నిమ్మచెక్క పిండి, చిటికెడు ఉప్పేసి, నానిన సబ్జా గింజలు కలిపాడు. తడి ఇసుకలో పొద్దున పాతిపెట్టిన గోలీసోడా తీసి, గోలీని బొటనవేలితో నొక్కి కొట్టాడు. నురుగు గ్లాసు అంచు దాకా పొంగింది.

గౌరి వాసన చూసింది. ముందు నన్నారి, వెనక సన్నగా అరిష్టంలోని లవంగం. ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగింది.

"బాగుందే! కానీ నేనొక్కదాన్నే తాగితే మందు తాగినట్టుంటాది. నువ్వూ పోసుకో."

ఆయనా పోసుకున్నాడు. నీళ్ళు చల్లిన మిద్దె మీద ఇద్దరూ చాప వేసుకుని కూర్చున్నారు. ఆ పూట గౌరి నాలుగు ముద్దలు తింది.

మూడో రోజు ఒక వింత జరిగింది. గ్లాసు సగం కాగానే వెంకటరమణయ్య నోరు తెరిచాడు.

"మన పెండ్లిలో మీ మేనమామ చెప్పులు దాచింది నేనే."

గౌరికి పొలమారింది. "ముప్పై ఏండ్లకు చెప్తాండావా? ఆయన వట్టికాళ్ళతో జమ్మలమడుగు దంకా పోయినాడు గదయ్యా!"

"నాకు నవ్వొచ్చి చెప్పలేకపోయినా."

గౌరి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కంచంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టుకుంది. ఆ తర్వాత రోజుకొక కత. పది రోజులకు ఆమె లేచి చింతాకు పప్పు తానే చేసింది.

ఒక పొద్దున సోడాల దావూద్ అంగడికి సీసాలు తెచ్చి అడిగాడు.

"శెట్టి మామా, దినామూ రెండు సోడాలు. అరిష్టంలోకేనా?"

"నీకెట్లా తెలుసు?"

"తిరిగొచ్చిన సీసాలకు నీ చేతి అరిష్టం వాసన అంటదా? ఎద్దుల సంతకొచ్చేటోళ్ళంతా ఇదే పని మామా. కల్లూ సారాయీ బంద్ జేసిరి, మందులంగడి బంద్ జేయలేదు గదా! వాళ్ళకు సీసాకు సీసా కావల్ల. నీకు చెంచాలతోనే సంబరం." ఇకిలించినవాడు గబుక్కున నాలిక్కరుచుకున్నాడు. "యా అల్లా! నువ్వు సంఘంలో ఉండావు గదా. నేనేం అన్లే."

వెంకటరమణయ్య చేతిలో గజం కట్టె అట్లాగే ఆగిపోయింది. ఆయన మద్యనిషేధ ప్రచార సంఘంలో పన్నెండేళ్ళుగా ఉన్నాడు. ఏటా ఎండాకాలం జమ్మలమడుగు సభలో జనం చేత ఒట్టు పెట్టించేది ఆయనే. ఉపన్యాసం అక్కర్లేదు. 'మత్తు నోట పెట్టను' అని ఒక్క మాట, అంతే. ఈ ఏటి సభ వచ్చే ఆదివారమే.

అంగడి మూసి వైద్యుడి ఇంటికి పోయి, అరిష్టంలో మత్తుందా అని అడిగాడు.

"కుండలో నెల రోజులు పులిస్తే మత్తు పుట్టదా శెట్టీ? రవ్వంత. ఆమెకు మందు, చట్టం కూడా ఏమనదు. మధ్యలో నిన్నెవరు తాగమన్నారు?" అని కాశీవిశ్వనాథం నవ్వాడు.

ఆ సాయంత్రం వెంకటరమణయ్య గౌరికి మామూలుగానే కలిపాడు. అరిష్టం మాత్రం రెండు చెంచాలే పోశాడు. తన గ్లాసులో నన్నారి, నిమ్మకాయ, సోడా, అంతే. రంగు ఒకటే. మిద్దె మీద కూర్చున్నారు. ఆయన వీధి వైపు చూస్తూ తాగాడు. మాట లేదు.

గౌరి కాసేపు చూసింది. గ్లాసు కింద పెట్టింది. కంచం పక్కకు జరిపింది.

"ఆకలి లేదు."

ఆయన ఆమె గ్లాసు తీసి చేతికిచ్చాడు. "తాగు. తాగితే పుడతాది."

"నీకేమైంది చెప్పు ముందు."

ఆయన చెప్పాడు. దావూద్ మాట, వైద్యుడి మాట, పన్నెండేళ్ళ ఒట్టు. "నాకు చేతగాదు గౌరీ. నువ్వు తాగు, నీకది మందు. నేను తాగలేను. నేను తాగకపోతే నువ్వు తినవేమోనని మధ్యాన్నం నుంచి పొగిలిపోతాండా."

గౌరి మొదట నోరు మూసుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"పిచ్చోడా. ఆ సీసాతో నాకేం పనయ్యా? అది తాగితే నువ్వు మాట్లాడతావని నేనూ తాగుతాండ. నువ్వు మాట్లాడతా ఉంటే నాకు ముద్ద దిగుతాది. జ్వరంలో పడుకున్న నలభై దినాలూ అంగడి మూసొచ్చి నువ్వు గడప దగ్గర కూసుంటివి. ఒక్క మాటన్నా అంటివా?"

 ఉత్త నన్నారి తాగిన ఆయన నోరు మళ్ళీ బిగుసుకుపోయింది.

"ఆదివారం సభకు పోతాండావా?" అని అడిగింది.

"లేదు. బస్సు కండక్టరు చేత చీటీ పంపినా. ఒట్టు తప్పినోడు ఒట్టేం పెట్టిస్తాడు?"

"కారణం ఏం రాసినావు?"

"ఇంట్లో పనుందని."

"ఏం పని?"

వెంకటరమణయ్య మెడ తడుముకున్నాడు.  ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గజం కట్టె కోసం వెతికినట్టు చాప మీద చెయ్యి పెట్టి తడిమాడు. చివరికి అన్నాడు.

"నీకు జ్వరం బాగా ఎక్కువున్న దినం, అంగడిలో ఒకామె రెండు గజాల రవికె గుడ్డ అడిగింది. కొలిచినా. కోసినా. చూస్తే గజమే ఉంది. నా చేతిలో గుడ్డ తప్పు కోయడం అదే మొదలు."

గౌరి కంచం దగ్గరికి లాక్కుంది. "ఊ. ఆమె ఏమనె?"

"'శెట్టీ, ఎవరిని తలుచుకుంటాండావు?' అనె."

"నువ్వేమంటివి?"

"ఏమనలా. ఇంకో ముక్క కోసిచ్చినా."

"అనల్సింది," అని ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది గౌరి. "ఆ తర్వాత?"

తర్వాతేమిటో ఆయనకూ తెలియదు. అయినా మొదలుపెట్టాడు.